పాలపిల్ల లెక్క

మా కాలేజీలో గోవిందయ్య ఇప్పుడు ఎవరికీ జీపీఏ లెక్క చెయ్యడు. ఏ పిల్లో మార్కుల మెమోలు పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడితే, తలెత్తకుండానే చెయ్యి నా గది వైపు చూపిస్తాడు. "లెక్కల సార్ దగ్గరికి పో పాపా" అంటాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడడు. కొత్తగా చేరిన పిల్లలు ఆయన్ని చిరాకు మనిషి అనుకుంటున్నారు. కాదని చెప్పాలంటే జరిగిందంతా చెప్పాలి. అందులో నా సంగతి కూడా ఉంది కాబట్టి ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నాను. ఇక చాలు, చెప్పేస్తాను.

నేను ఉదయగిరి డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్ని. ఉండేది ఆత్మకూరులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం నాలుగూ నలభైకి ఒక బస్సు. అది తప్పితే తర్వాతది ఎప్పుడొస్తుందో డిపో వాళ్ళకే తెలియదు. అందుకని మూడున్నర నుంచే నా చూపు గడియారం మీద ఉంటుంది. పాఠం మీద లేని భక్తి బస్సు మీద ఉందని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

గోవిందయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. దుత్తలూరు మండలంలో ఒక పల్లె నుంచి వస్తాడు. పేరుకు రికార్డు అసిస్టెంటు, అదీ అవుట్‌సోర్సింగ్. పరీక్షల విభాగంలో కాగితమనేది ఏదైనా ఆయన చేతి మీదుగానే పోవాలి. హాల్ టికెట్లు, మెమోలు, టీసీలు, ఏ బీరువాలో ఏ కట్ట కింద ఉన్నాయో కళ్ళు మూసుకుని చెబుతాడు. ప్రిన్సిపాళ్లు తొమ్మిది మంది మారారు, ఆయన మారలేదు. ఇంటర్‌ రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి ఆయనే పిల్లలకు చెప్పి, "నా మాదిరి కాబాకండి" అని నవ్వేవాడు.

వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. వాళ్ళ నాయన హయాంలో రెండొందల జీవాలుండేవి. ఎండలు ముదిరాక మెట్టలో పచ్చ అన్నది కనపడక, మందను సోమశిల దిక్కుకు తోలుకుపోయి అనంతసాగరం రైతుల చేలల్లో ఎరువు కోసం మంద కట్టేవాళ్ళు. పొద్దు వాలే వేళ ముళ్లకంప తడిక కొంచెం తెరిచి, ఒక్క గొర్రె దూరేంత సందు వదిలి, పక్కన నిలబడి లెక్కపెట్టడం గోవిందయ్య చిన్నప్పటి పని. ఆ లెక్కకు ఒక పద్ధతి ఉంది. పాలు తాగే పిల్లను విడిగా లెక్కపెట్టరు. తల్లీ అదీ కలిపి ఒకటే. పాలు మరిచి, సొంతంగా మేతకు తల వంచిన తర్వాతే దానికంటూ ఒక అంకె. "పాలపిల్లని యాడ లెక్కపెడతావురా? తల్లుంటే అదుండాది, తల్లి పోతే అదీ పోయినట్టే" అనేవాడట వాళ్ళ నాయన. ఈ సంగతి గోవిందయ్య నాకు పదేళ్ల కిందట, టీ తాగుతూ సరదాకి చెప్పాడు. నేనూ సరదాగానే విన్నాను.

మా దగ్గర సెమిస్టర్లు వచ్చి, మార్కుల చోట గ్రేడ్లు వచ్చాక పిల్లలకు దిక్కు తోచలేదు. నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒక్కో పేపరుకు ఇన్ని క్రెడిట్లని ఉంటాయి, అంటే ఆ పేపరు బరువు. వచ్చిన మార్కుల్ని బట్టి గ్రేడు, గ్రేడును బట్టి పాయింట్లు. అన్నిటికన్నా పైదైన 'ఓ' గ్రేడుకు పది, ఏ ప్లస్‌కు తొమ్మిది, అలా దిగుతూ దిగుతూ బొటాబొటీగా పాసైతే నాలుగు, తప్పితే సున్నా. పాయింట్లను క్రెడిట్లతో గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టరు సగటు. ఆరు సెమిస్టర్లకూ కలిపి ఇదే పని చేస్తే డిగ్రీ మొత్తం సగటు, సీజీపీఏ. ఇంతే. ఇది బోర్డు మీద రాసి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చేది. వెనక బెంచీల వాళ్ళు కిటికీలోంచి కొండ మీది కోట గోడలు చూస్తూ కూర్చునేవాళ్ళు.

గోవిందయ్య మాత్రం ఆఫీసు గుమ్మంలో నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పేవాడు. "ఏందబ్బయ్యా ఇందులో కష్టం? నాలుగు క్రెడిట్లంటే నాలుగు గొర్రెలు. ఎంత బలంగా ఉండాయో అదీ గ్రేడు. నాలుగు బక్కవి, రెండు బలిసినవి ఉంటే మందంతా బలిసినట్టా? యాడ ఎక్కువ తలకాయలుండాయో ఆడికే లాగుతాది సగటు." పిల్లలు నవ్వుకుంటూ పోయేవాళ్ళు, తమ సగటు తామే వేసుకునేవాళ్ళు. ఎమ్మెస్సీ చదివి పాతికేళ్ల సర్వీసు ఉన్న నాకు కొంచెం కడుపుమంటగానే ఉండేది.

అసలు అవసరం తప్పిన పేపరు దగ్గర వచ్చేది. ఒక పేపరు తప్పితే దానికి సున్నా పాయింట్లు, కానీ దాని క్రెడిట్లు మాత్రం భాగహారంలో ఉండనే ఉంటాయి. దాంతో ఆ సెమిస్టరు సగటు దిగజారుతుంది. తర్వాత సప్లిమెంటరీలో పాసైతే ఆ ఒక్క పేపరుకు చిన్న మెమో ఇస్తారు. పాత మెమో మీద పాత సగటు అలాగే ఉంటుంది. అన్నీ సరిచేసిన పెద్ద మెమో యూనివర్సిటీ నుంచి రావడానికి నెలలు పడుతుంది. ఈలోపల ఏ దరఖాస్తు పెట్టాలన్నా ఆ సెమిస్టరును మళ్ళీ మొదటి నుంచి లెక్కేసుకోవాలి. అలాంటి పిల్లలంతా గోవిందయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన ఒక పొడుగు నోటుబుక్కులో పేరు రాసి, నీలం పెన్నుతో లెక్కేసి, కింద ఎర్ర పెన్నుతో గీత గీసి జవాబు చెప్పేవాడు. ఆయన చెప్పిందే మాట. నన్నడిగిన వాళ్ళు లేరు, నేనూ అడగమనలేదు.

ఆయన ఒక్కగానొక్క కూతురు రజిత. మా కాలేజీలోనే బీఎస్సీ, బోటనీ జువాలజీ కెమిస్ట్రీ. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి ముప్పై గొర్రెలే, వాటిని చూసుకునేది రజిత తల్లి మాలకొండమ్మ. రజిత రెండో ఏడు చదువుతుండగా మాలకొండమ్మ గుట్ట మీద బండ జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. నలభై రోజులు రజితే గొర్రెల్ని తోలుకుపోయింది. పుస్తకం చంకలో పెట్టుకునే పోయేది, కానీ గొర్రెలకు పరీక్షల సంగతి పడుతుందా? ఆ మూడో సెమిస్టర్లో కెమిస్ట్రీ పేపరు పోయింది. తర్వాత సప్లిమెంటరీ రాసి పాసైంది, నాలుగు పాయింట్లతో.

థియరీలో ఆ పిల్ల మధ్యరకం. ఇంగ్లీషు వాక్యం రాయాలంటే చెమటలు పట్టేవి. ల్యాబ్‌లో మాత్రం వేరే మనిషి. మా జువాలజీ మేడం కరుణశ్రీ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆమే నాతో అంది, "సార్, ఆ పిల్ల చెయ్యి చూడండి, ఎంత నిదానమో" అని. ఒకసారి చచ్చిన గొర్రె పేగు ముక్కను సీసాలో వేసుకొచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి, పురుగు గుడ్లు లెక్కబెట్టి, "నాయనా, మందు ఈ నెలలోనే తాపాల" అని ఆఫీసు కిటికీలోంచి కేకేసి చెప్పింది. అన్ని సెమిస్టర్లలోనూ ప్రాక్టికల్స్ అన్నిటికీ 'ఓ' గ్రేడే, పదికి పది. ఎమ్మెస్సీ జువాలజీ చదవాలని, గొర్రెల రోగాల మీద పని చెయ్యాలని దాని ఆశ. ఎక్కడో చూసి పెట్టుకున్న ఆశ కాదు, ఇంటి దొడ్లో పుట్టిన ఆశ.

నిరుడు జూన్‌లో కరుణశ్రీ మేడం ఒక కబురు తెచ్చింది. జీవాలు మేపుకునే కుటుంబాల ఆడపిల్లల్ని ఎమ్మెస్సీ చదివించే ట్రస్టు ఒకటి హైదరాబాదులో ఉంది. సీటు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. డిగ్రీ ఆ ఏడాదే పాసై ఉండాలి. సీజీపీఏ ఆరున్నర ఉండాలి. పెద్ద మెమో తర్వాత చూపించవచ్చు, ముందు అంకె రాసి కాలేజీ ముద్ర వేయించి పంపితే చాలు. ఆ అంకె తప్పని తేలితే మాత్రం ఆ కాలేజీ నుంచి ఇక ఎవరినీ తీసుకోరు. ఈ చివరి షరతు కాగితంలో పెద్ద అక్షరాలతో ఉంది.

గడువు మర్నాటితో ముగుస్తుందనగా గోవిందయ్య కూతురి మెమోలు ముందేసుకుని కూర్చున్నాడు. మూడో సెమిస్టరు మళ్ళీ లెక్కేశాడు. మిగతా అయిదింటికీ మెమోల మీదున్న పాయింట్లు కలిపాడు. మొత్తం నూట యాభై క్రెడిట్లు, తొమ్మిది వందల డెబ్బై పాయింట్లు. ఆరు పాయింట్ నాలుగు ఏడు. ఆరున్నర కావాలంటే తొమ్మిది వందల డెబ్బై అయిదు ఉండాలి. అయిదు పాయింట్లు తక్కువ.

"గోవిందయ్యా, ఆరున్నర అని రాసెయ్. నాలుగు ఏడంటే అయిదు కాదా ఏంది, దగ్గరికి తెచ్చేస్తారు ఎవరైనా" అంది కరుణశ్రీ మేడం.

"పెద్ద మెమో అడుగుతారు గదా మేడం. అందులో ఆరు నాలుగు ఏడే ఉంటాది. తప్పు రాసినారని ఇంకెప్పుడూ మన పిల్లకాయల్ని తీసుకోకపోతే? నా పాప కోసరం మిగతావాళ్ళ దోవ మూసేదానికి నాకు చేతులు రావు."

"అన్నీ నీకే కావాల" అని మేడం విసుక్కుని క్లాసుకు వెళ్ళిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను సంచి సర్దుకుని బస్టాండుకు చేరిపోయాను.

నాలుగున్నర దాటింది. గోవిందయ్య వగరుస్తూ బస్టాండులోకి వచ్చాడు. వెనకాలే రజిత. ఆయన చేతిలో మెమోలు, వాటి మీద ఒక తెల్ల కాగితం.

"సార్, ఒక్కసారి చూడండి. నా లెక్క మీద నాకే అనుమానంగా ఉండాది" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. అప్పుడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. పైగా, ఇన్నాళ్లకు నా అవసరం వచ్చిందా అని లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

కాగితం అందుకున్నాను. ఫోన్లో గుణకారాలు కొట్టి చూశాను. కూడికలు చూశాను. తొమ్మిది వందల డెబ్బైని నూట యాభైతో భాగించాను. మెమోలు ఆయన చేతిలోనే ఉన్నాయి, అడిగి తీసుకోలేదు. మలుపులో నా బస్సు హారన్ వినిపించింది.

"లెక్క సరిగ్గానే ఉంది గోవిందయ్యా" అన్నాను.

ఆయన తలూపాడు. అప్పటిదాకా వెనక నిలబడ్డ రజిత ఒక అడుగు ముందుకు వచ్చింది. "సార్, ఆ పక్క గూడా చూసినారా?" అని అడిగింది.

"చూశానమ్మా, చూశాను" అని కాగితం ఆయన చేతిలో పెట్టి బస్సెక్కాను.

కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదులుతుంటే తండ్రీ కూతుళ్లిద్దరూ కాలేజీ వైపు తిరిగి పోతూ కనపడ్డారు, ఆఫీసుకు తాళం వెయ్యాలి కదా. ఆయన ముందు, ఆ పిల్ల నాలుగడుగులు వెనక. పాపం అనుకున్నాను. ఆత్మకూరు చేరేలోగా కునుకు పట్టింది.

రజిత దరఖాస్తు పెట్టలేదు. ఆగస్టులో తడ దగ్గర సెల్‌ఫోన్ భాగాలు బిగించే ఫ్యాక్టరీలో చేరింది. గదికి ఆరుగురు చొప్పున హాస్టలు, షిఫ్టులు. "నిదానమైన చెయ్యి గదా సార్, ఆడ గూడా మెచ్చుకుంటా ఉండారంట" అని గోవిందయ్య చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

అక్టోబరులో పెద్ద మెమోల కట్ట వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం గోవిందయ్య నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. రజిత మెమో నా బల్ల మీద పెట్టాడు. సీజీపీఏ అన్న చోట ఆరు పాయింట్ అయిదు అయిదు అని ఉంది.

"యూనివర్సిటీ వాళ్ళు తప్పేసినట్టుండారు సార్. ఎక్కువ ఏసినారు. ఉత్తరం రాసి తిప్పి పంపాల గదా? ఇంగ్లీషులో మీరు రాసిస్తారని వచ్చినా" అన్నాడు.

ఆ మనిషి ఎలాంటివాడో చెప్పడానికి నాకు ఇంతకన్నా మాట దొరకదు. తన కూతురికి ఎక్కువ వచ్చిందని తిప్పి పంపడానికి వచ్చాడు.

ఈసారి మెమోలన్నీ తీసుకున్నాను. బస్సుకు రెండు గంటలు టైముంది. జూన్‌లో ఆయన వేసిన కాగితాన్ని కూడా తెచ్చాడు, దాన్ని పక్కన పెట్టుకుని మూడో సెమిస్టరు ఒక్కో వరసా పోల్చాను. కెమిస్ట్రీ దగ్గర ఆగాను. మెమోలో కెమిస్ట్రీ థియరీ నాలుగు క్రెడిట్లు, దాని కింద ఎక్కడో కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక క్రెడిట్. గోవిందయ్య కాగితంలో కెమిస్ట్రీ అయిదు క్రెడిట్లు, నాలుగు పాయింట్లు, ఇరవై. బోటనీ అయిదు, జువాలజీ అయిదు.

"నీ లెక్కలో ప్రాక్టికల్స్ ఏవయ్యా?" అన్నాను.

"ఉండాయి గదా సార్. నాలుగూ ఒకటీ అయిదు."

"క్రెడిట్లు సరే. గ్రేడు?"

"పేపరు గ్రేడే సార్. ల్యాబు పేపరుతోటే గదా." నాకు అర్థం కాలేదేమో అన్నట్టు, "పాలపిల్ల తల్లితోటే గదా సార్" అన్నాడు.

పాత పద్ధతిలో ప్రాక్టికల్ మార్కులు పేపరు మార్కుల్లోనే కలిసి ఉండేవి, అదే ఆయన మనసులో ఉండిపోయింది. కొత్త పద్ధతిలో ల్యాబుకు విడిగా క్రెడిట్ ఉంది, విడిగా గ్రేడుంది. ఎలా చెప్పాలో తెలియక చెప్పేశాను. "కాదు గోవిందయ్యా. అది పాలు మరిచిన పిల్ల. దాని లెక్క దానిదే."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నా ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి. పెదాలు కదుపుతూ తనే లెక్కేసుకున్నాడు. ల్యాబుకు వచ్చింది పది, తను వేసింది నాలుగు, కెమిస్ట్రీలో ఆరు పోయినాయి. బోటనీలో నాలుగు. జువాలజీలో మూడు. మొత్తం పదమూడు. తొమ్మిది వందల డెబ్బైకి పదమూడు కలిపితే తొమ్మిది వందల ఎనభై మూడు. కావాల్సిన దానికన్నా ఎనిమిది ఎక్కువ.

"మూడిట్లోనూ పది సార్ దానికి" అన్నాడు నెమ్మదిగా. "దానికి బాగా వచ్చిందే ఆ ల్యాబులు. అవే నేను లెక్కలోకి తీసుకోలే."

తర్వాత ఆ కాగితాన్ని తిప్పాడు. వెనక వైపు పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో ఇంకో లెక్క ఉంది. అది రజిత రాత. థియరీ విడిగా, ప్రాక్టికల్ విడిగా, ఒక్కో వరసా పొందిగ్గా దిగి, చివర తొమ్మిది వందల ఎనభై మూడు, ఆరు పాయింట్ అయిదు అయిదు. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన గోవిందయ్య దస్తూరీ: ల్యాబు విడిగా రాదు.

"పాప ముందే ఏసింది సార్. నేనే కొట్టేసి, తిప్పి ఈ పక్కన నాది ఏసినా. ఎదురు చెప్పలా అది." ఆయన ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. "మీరు ఈ పక్క చూళ్ళేదు గదా సార్. చూసుంటే చెప్పుండేవాళ్ళు."

"చూడలేదు గోవిందయ్యా" అన్నాను. అది నిజమే. కానీ ఆ పిల్లతో చూశానని చెప్పిన మాట ఆయనకు గుర్తు లేదని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. ఆయన అప్పుడు తన దిగులులో ఉండి విని ఉండడు. గుర్తు చెయ్యాల్సింది నేనే. చెయ్యలేదు.

కరుణశ్రీ మేడం ట్రస్టు వాళ్ళకు ఫోన్ చేసింది. సీట్లు నిండి క్లాసులు కూడా మొదలయ్యాయన్నారు. వచ్చే ఏడు పెట్టుకోవచ్చా అంటే, ఆ ఏడాది పాసైన వాళ్ళకే అన్నారు. మర్యాదగానే చెప్పారట. మేడం ఫోన్ పెట్టేసి స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడ్చింది. గోవిందయ్య ఏడవలేదు. ఆ వారమంతా మధ్యాహ్నం అన్నం మానేసి పాత నోటుబుక్కు ముందేసుకున్నాడు. తను ఇలా లెక్కేసిన ప్రతి పిల్ల పేరూ వెతికి, పెద్ద మెమోల నకళ్లతో పోల్చాడు. పదకొండు మందికి తప్పు వేశాడు. ఒకళ్ళకు అయిదు పాయింట్లు, ఒకళ్ళకు ఏడు. ఎవరికీ దానివల్ల ఏదీ పోలేదు. అందరూ ఎటూ కావాల్సిన దానికి పైనో, బాగా కిందో ఉన్నారు.

"అందరికీ తప్పే ఏసినా సార్. పోయింది మాత్రం మా పాపకొక్కదానికే" అన్నాడు నాతో. సంతోషించాలో ఏడవాలో తెలియని ముఖంతో అన్నాడు.

కూతురికి చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఒక రోజు సాయంత్రం నాలుగింటికి నన్ను ఆఫీసులోకి పిలిచాడు. "దానికిప్పుడు టీ బ్రేకు సార్. ఒక్కణ్ణే చెప్పలేను, మీరు కూర్చోండి" అన్నాడు. ఆయన ఫోన్లో చెవి దగ్గర మాట వినపడదు, ఎప్పుడూ స్పీకరే. ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు.

"నాయనా" అంది రజిత గొంతు. వెనక గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వులు.

"టీ తాగినావా పాపా?"

"తాగతా ఉండాను. చెప్పు నాయనా."

"పెద్ద మెమో వచ్చిందమ్మా. ఆరు పాయింట్ అయిదైదు. నువ్వేసిందే రైటు. నేనే కొట్టేసినా."

"ల్యాబులు విడిగానే ఏసినారా?" అంది.

"విడిగానే ఏసినారు."

"అప్పుడే అనిపించింది నాకు."

"అనిపిస్తే గట్టిగా చెప్పి ఉండచ్చు గదమ్మా! నా మీద అరిచి ఉండచ్చు గదా!" గోవిందయ్య బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. కన్నీళ్లు టపటపా ఫోన్ పక్కనే పడ్డాయి.

"ఏడవబాకు నాయనా. చెప్దామనే అనుకున్నా. బస్టాండులో సార్‌ని అడిగినా గదా, ఆ పక్క గూడా చూసినారా అని. చూశానన్నాడు సార్. నీకైతే ల్యాబు సంగతి తెలీదనుకో, లెక్కల సార్ గూడా రెండూ చూసి నీదే రైటన్నాక, ఇంక తప్పు నాదే అనుకున్నా."

గోవిందయ్య తలెత్తాడు. నన్ను చూశాడు. నేను ఆయన కళ్ళలోకి చూడలేక ఫోన్ వైపు చూశాను.

"బెల్లు కొట్టినారు, ఉంటా నాయనా. అమ్మకి చెప్పు, గొర్రెలకి మందు ఈ నెలలోనే తాపాలని." ఫోన్ ఆగిపోయింది.

"గోవిందయ్యా" అన్నాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ కాగితాన్ని మడిచి పొడుగు నోటుబుక్కులో పెట్టి, నోటుబుక్కును బీరువాలో అడుగున పెట్టి తాళం వేశాడు. గోడ గడియారం వైపు చూశాడు.

"నాలుగున్నర కావస్తా ఉండాది సార్. మీ బస్సుకి టైమైంది, పోండి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేను పోయాను కూడా. ఆ రోజు కూడా నాలుగూ నలభై బస్సే ఎక్కాను. ఉండి ఆ మనిషి పక్కన కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఆయన నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. నమస్తే సార్ అంటాడు, టీ తెప్పిస్తాడు, రిజిస్టరు ముందుకు జరుపుతాడు. ఆ మాట ఎత్తలేదు. క్షమించమని నేను అడిగాను, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ "మీరేం చేసినారు సార్, కొట్టేసింది నేను గదా" అనే అన్నాడు. రజితకు ఫోన్ చేశాను. "పర్లేదు సార్" అంది. ఎమ్మెస్సీ ఎప్పుడైనా దూరవిద్యలో కడతానంది, ల్యాబు లేకుండా జువాలజీ ఏం చదువుతానో ఏమో అని కూడా అంది.

పిల్లల్ని మాత్రం నా దగ్గరికే పంపుతాడు గోవిందయ్య. అది నమ్మకమో శిక్షో అడిగే మొహం నాకు లేదు. వచ్చిన పిల్లని కూర్చోబెట్టి, మెమోలన్నీ తీసుకుని, థియరీ విడిగా ప్రాక్టికల్ విడిగా వేస్తాను. వాళ్ళు ముందే వేసుకుని వస్తే ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి చూస్తాను. చాలాసార్లు వెనక ఏమీ ఉండదు. అయినా తిప్పుతాను, ఈలోపు బస్సు పోతే పోనిస్తాను.